గురజాడ కథాబీజాలు

ఒక కథ పుస్తకంలో ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడం సులభం. తొలి పుట తెరిస్తే చాలు. ఆ కథ రచయిత మనస్సులో ఎక్కడ మొదలైందో తెలుసుకోవడం మాత్రం కష్టం. చాలామంది రచయితలు ఆ ఆనవాళ్లను మిగల్చరు. కొందరికి అవి తమకే తెలియవు. కన్యాశుల్కం నాటకకర్త గురజాడ అప్పారావు విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. తన నాటకానికి బీజం ఎక్కడ పడిందో ఆయన పీఠికలో స్వయంగా చెప్పుకున్నారు. ఆయన దినచర్యలు, లేఖలు, అసంపూర్ణ రచనలు మరికొన్ని వివరాలను అందిస్తున్నాయి.

మన ఆలంకారికులు రూపకంలోని ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. పురాణేతిహాసాల నుంచి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. శతాబ్దాలపాటు తెలుగు కవికి ప్రఖ్యాతమే రాచబాట. రాముడు, నలుడు, హరిశ్చంద్రుడు సిద్ధంగా ఉండగా కథ కోసం వెతుక్కోవలసిన అవసరం కవికి కలగలేదు. కథ అందరికీ తెలిసినదే కనుక చెప్పే తీరులోనే ప్రతిభ అంతా కనిపించేది. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఈ స్థితి మారడం మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1876లో బ్రహ్మవివాహం అనే ప్రహసనాన్ని వ్యావహారిక భాషలో రచించి, ముసలివాడు చిన్నపిల్లను పెళ్లాడే దురాచారాన్ని ఎగతాళి చేశారు. ఆయన రాజశేఖర చరిత్రానికి ప్రేరణ గోల్డ్‌స్మిత్ రాసిన ఆంగ్ల నవల. ఈ విధంగా కథావస్తువు కోసం చుట్టూ ఉన్న సమాజాన్నీ, పరభాషా సాహిత్యాన్నీ వెతకడం ఆరంభమైన కాలంలో గురజాడ కలం పట్టారు.

ఆయన 1862 సెప్టెంబరు 21న విశాఖపట్టణం జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో, మేనమామగారి ఇంట జన్మించారు. 2022లో జరిగిన పునర్విభజన తరువాత ఆ గ్రామం అనకాపల్లి జిల్లాలో చేరింది. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. తండ్రి ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో ఉన్నందున ప్రాథమిక విద్య అక్కడ సాగింది. తండ్రి మరణానంతరం అప్పారావు చదువు కోసం విజయనగరం చేరారు. పట్టణంలో నిలవనీడ లేని ఆ విద్యార్థికి మహారాజా కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖర శాస్త్రి తన ఇంట వసతి, భోజనం కల్పించారు. తరువాతి కాలంలో వాడుకభాషా ఉద్యమానికి సారథ్యం వహించిన గిడుగు రామమూర్తి అక్కడ ఆయన సహాధ్యాయి. అప్పారావు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. మధ్యలో 1884లో మహారాజా ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరారు. 1885లో అప్పల నరసమ్మతో ఆయన వివాహం జరిగింది. 25 రూపాయల జీతం సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు అది పనికివస్తుంది.

విద్యార్థి దశలో గురజాడ మొదట రాసినది తెలుగు కాదు. 1883లో ఆయన సారంగధర కథను ఆంగ్లంలో కావ్యంగా రచించారు. అది ఒక పత్రికలో వెలువడి, ఆపైన కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ నడిపే పత్రికలో పునర్ముద్రణ పొందింది. కథ ప్రఖ్యాతం, భాష పరాయిది. ప్రతిభను మెచ్చుకున్న ముఖర్జీ, పరభాషలో ఎంత బాగా రాసినా గొప్ప స్థానం దక్కదనీ, సొంత భాషలో రాయమనీ హితవు చెప్పారు. ఆ మాట యువకుడి మనస్సులో నాటుకుంది. అయితే భాష మార్చుకున్నంత మాత్రాన కథ దొరకదు. సొంత భాషలో ఏం రాయాలన్న ప్రశ్నకు సమాధానం కొన్నేళ్ల తరువాత, ఏ కవీ ఊహించని రూపంలో వచ్చింది.

అది ఒక లెక్కల పట్టిక.

విజయనగర సంస్థానాధీశుడు ఆనంద గజపతి సంగీత సాహిత్యాలను పోషించిన ప్రభువు, సంఘసంస్కరణ పట్ల ఆసక్తి కలవారు. గురజాడ 1887లో కళాశాలలో అధ్యాపకుడయ్యారు. 1889లో ఆనంద గజపతి పేరున వెలసిన వాద సంఘానికి ఉపాధ్యక్షులయ్యారు. క్రమంగా ప్రభువుకు సన్నిహితులయ్యారు. ఆ రోజులలో బ్రాహ్మణ కుటుంబాలలో కన్యాశుల్కం అనే ఆచారం ఉండేది. పెళ్లికూతురి తండ్రి వరుడి నుంచి సొమ్ము పుచ్చుకొని పిల్లను ఇచ్చేవాడు. సొమ్ము ఉన్నవాడు సాధారణంగా వయసు మళ్లినవాడే. అతడు కొన్నాళ్లకు మరణిస్తే పిల్ల ఊహ తెలియకముందే వితంతువు. ఈ దురాచారం ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవాలని ఆనంద గజపతి విశాఖపట్టణం జిల్లాలో జరిగిన శుల్క వివాహాల పట్టికను తయారు చేయించారు.

మూడేళ్ల వివాహాలు అందులో నమోదయ్యాయి. వాటి సంఖ్య 1,034. ఆ వధువులలో అయిదేళ్ల వయసువారు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు. ఏడాది వయసులోనే పెళ్లయినవారు ముగ్గురు. అంటే అయిదేళ్లు, అంతకంటే తక్కువ వయసు గల వధువులు 188 మంది. ప్రతి ఆరు పెళ్లిళ్లలో ఒకటికి మించి ఇటువంటిదే. ఏడాది పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయల వరకు పలికింది. 25 రూపాయల జీతగాడైన ఉపాధ్యాయుడు ఏడాదికి పైగా పైసా ఖర్చు పెట్టకుండా కూడబెడితే గాని రాని సొమ్ము అది. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవని గురజాడ పీఠికలో తెలిపారు. సొమ్ము పుచ్చుకున్నవారు ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇష్టపడరు కనుక పట్టిక సమగ్రం కాదన్న సంగతిని కూడా ఆయన దాచలేదు. అసలు సంఖ్య ఇంకా పెద్దదన్నమాట.

ఇటువంటి పట్టిక చేతికి వచ్చినప్పుడు చదువుకున్నవాడు చేయగలిగిన పనులు అనేకం. పత్రికకు వ్యాసం రాయవచ్చు. సభలో ఉపన్యసించవచ్చు. ప్రభుత్వానికి విన్నపం పంపవచ్చు. ఆ పనులు చేసేవారు అప్పటికే ఉన్నారు. గురజాడకు కలిగిన ఆలోచన వేరు. చదవడం రాని జనానికి వ్యాసం అందదు. చదవగలిగినవారిలో చాలామంది ఈ బేరాలలో ఏదో ఒక పక్షాన ఉన్నవారే. వారి మనస్సులను తాకగలిగినది రంగస్థలమని ఆయన భావించారు. సంస్కరణకు తోడ్పడడం, తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న అపోహను తొలగించడం తన రెండు ఉద్దేశాలని ఆయన తరువాత చెప్పుకున్నారు.

అయితే అంకె నాటకం కాదు. 99 అన్న అంకెను చూసి ప్రేక్షకుడు నవ్వడు, ఏడవడు. ఆ అంకెకు ఒక ఇల్లు కావాలి, ఒక తండ్రి కావాలి, నోరు మెదపలేక కుమిలే తల్లి కావాలి. గురజాడ చేసిన మొదటి పని అదే. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధానులు అనే ముక్కోపి గృహస్థును నిలిపారు. పెద్దకూతురు బుచ్చమ్మను ఇదివరకే ఒక ముసలివాడికి సొమ్ముకు కట్టబెట్టాడు. ఆమె వితంతువై పుట్టింట ఉంది. ఆ అనుభవం నుంచి తండ్రి నేర్చుకున్నది ఏమీ లేదు. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని లుబ్ధావధానులు అనే ముసలి లోభికి ఇవ్వడానికి బేరం కుదుర్చుకున్నాడు. తల్లి వెంకమ్మ వద్దని మొత్తుకొని, చివరకు నూతిలో పడుతుంది. ఆమెను బయటకు తీసి బతికిస్తారు గాని, భర్త మనస్సు మారదు.

ఒకే ఇంట్లో ఒక వితంతువునూ, వితంతువు కాబోయే పిల్లనూ పక్కపక్కన నిలబెట్టడంలో గురజాడ వివేకం కనిపిస్తుంది. పట్టికలోని ఒక వరుస ఇరవై ఏళ్ల తరువాత ఏమవుతుందో చెప్పడానికి ఆయనకు వేరే ఉపన్యాసం అవసరం లేకపోయింది. బుచ్చమ్మ రంగస్థలం మీద కనిపిస్తే చాలు. మరొక విశేషం ఏమిటంటే, ఎవరి పెళ్లి చుట్టూ నాటకమంతా తిరుగుతుందో ఆ సుబ్బి దాదాపు మాట్లాడదు. ఆమెను గురించి అందరూ మాట్లాడతారు, ఆమెను ఎవరూ అడగరు. పట్టికలోని పిల్లల స్థితి కూడా అదే కదా.

ఇక ఆ పెళ్లిని ఆపే ఉపాయం. వెంకమ్మ అన్న కరటకశాస్త్రి నాటకాలలో విదూషక పాత్ర ధరించేవాడు. అతడు తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి లుబ్ధావధానులుకే అమ్మి పెళ్లి చేస్తాడు. మగవాడు పెళ్లికూతురి వేషంలో వరుణ్ణి వంచించడం మన సాహిత్యానికి కొత్త కాదు. భవభూతి మాలతీమాధవంలో మకరందుడు మాలతి వేషం ధరించి నందనుణ్ణి పెళ్లాడతాడు. సంస్కృతం బాగా చదువుకున్న గురజాడకు ఆ ఘట్టం సుపరిచితమే అయి ఉండాలి. కాబట్టి ఆలంకారికుల లెక్క ప్రకారం చూసినా కన్యాశుల్కం ఇతివృత్తాన్ని కేవలం ఉత్పాద్యం అనడానికి వీలులేదు. వేదన విశాఖపట్టణం జిల్లాది, వేషం పాత నాటకశాలది. ఆడపిల్లను సొమ్ముకు కొనే బజారులో మగపిల్లవాణ్ణి అమ్మి చూపడంతో ఆ పాత ఉపాయానికి ఇంతకుముందు లేని పదును వచ్చింది.

పాత్రల కోసం ఆయన దూరం వెళ్లలేదు. విజయనగరం వీథులలో, కళాశాలలో, కచేరీలలో అన్ని రకాల మనుషులూ ఉన్నారు. నాలుగు ఆంగ్లపదాలు నేర్చి, సంస్కరణ గురించి ధారాళంగా మాట్లాడుతూ, అప్పులతో పొట్టపోసుకునే గిరీశం ఆ కాలపు కొత్త చదువు కన్న బిడ్డ. అగ్రహారాలలో పెళ్లిబేరాలు, దొంగసాక్ష్యాలు నడిపే రామప్పంతులు పాత లోకం నుంచి వచ్చినవాడు. సంస్కరణను నిజంగా కోరే రచయిత, సంస్కరణవాదిగా చెలామణి అయ్యే కపటిని నాటకంలో అందరికంటే ఆకర్షణీయంగా చిత్రించడం సాహసమే. గిరీశం మాటలకు నవ్వుతున్న ప్రేక్షకుడు తన ఊళ్లోని సంస్కర్తలను కూడా అనుమానంగా చూడవచ్చు. ఆ ప్రమాదాన్ని గురజాడ అంగీకరించారు. తాను సమర్థించే పక్షంలోని దొంగను దాచిపెట్టి ఉంటే, అగ్రహారాల మీద ఆయన సంధించిన వ్యంగ్యానికి అంత విలువ ఉండేది కాదు.

1891లో ఆయన సంస్థాన శాసన పరిశోధకుడిగా నియమితులయ్యారు. శిలాశాసనాలు చదవడం, కళింగ చరిత్రకు సామగ్రి సేకరించడం ఆయన విధులయ్యాయి. అరిగిపోయిన రాతిపై ఒక్కొక్క అక్షరాన్ని పోల్చుకునే పనికీ, మనుషుల మాటలను యథాతథంగా పట్టుకొనే నాటకరచనకూ సంబంధం లేదని తోచవచ్చు. ఈ రెండింటికీ కావలసిన ఓర్పు మాత్రం ఒక్కటే. కన్యాశుల్కంలో పాత్రకొక పలుకుబడి ఉంది. వైదికుల మాట వేరు, పట్టణపు లౌకికుల మాట వేరు, నౌకరు మాట వేరు. ఇవన్నీ కళింగాంధ్ర వాడుకనుడులు. గ్రాంథికం తప్ప మరొకటి సాహిత్యభాష కాదని పండితులు నమ్మే కాలంలో, పట్టికలోని పిల్లల కథను ఆ పిల్లల ఇళ్లలో వినిపించే భాషలోనే చెప్పాలని గురజాడ నిశ్చయించుకున్నారు. కథ ఎక్కడ దొరికిందో భాష కూడా అక్కడే దొరికింది.

1892 ఆగస్టులో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కాన్ని తొలిసారిగా ప్రదర్శించారు. ప్రేక్షకులు ఆదరించారు. ఆ రాత్రి ఆ సభలో కూర్చున్నవారిలో పిల్లలను అమ్మినవారు, కొన్నవారు ఎంతమంది ఉన్నారో ఏ పట్టికా చెప్పదు. 1897 జనవరిలో నాటకం మదరాసులో అచ్చయింది. గురజాడ దానిని ఆనంద గజపతికి అంకితం చేశారు. ఆ ప్రభువు అదే సంవత్సరం మరణించారు. తరువాత గురజాడ ఆయన సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబకు ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థాన వారసత్వ వ్యాజ్యానికి సంబంధించిన బాధ్యతలు చాలాకాలం ఆయన సమయాన్ని హరించాయి. ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే.

సాధారణంగా అచ్చయిన పుస్తకంతో రచయిత పని ముగుస్తుంది. గురజాడకు అలా కాలేదు. పన్నెండేళ్ల తరువాత, 1909లో వెలువడిన రెండవ కూర్పు దాదాపు కొత్త నాటకం. అది ఏడు అంకాలకు విస్తరించింది. ముఖ్యంగా మధురవాణి అనే వేశ్య పాత్ర పెరిగింది. తొలికూర్పులో ఆమె స్థానం పరిమితం. మలికూర్పులో ఆమె నాటకానికి ప్రాణమైంది. శూద్రకుడి మృచ్ఛకటికంలోని వసంతసేనతో ఆమెను పోల్చిన విమర్శకులు ఉన్నారు. ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. మధురవాణి వసంతసేన వలె ఒక్క ప్రియుడి కోసం జీవించదు. చుట్టూ ఉన్న మగవారి కాపట్యాన్ని గుర్తుపట్టి, వారిని ఆడించి, చివరకు ఒక పసిపిల్లను అమ్మకం నుంచి తప్పించడానికి తోడ్పడుతుంది. అప్పటికి వేశ్యలతో మేజువాణీలు పెట్టించడాన్ని నిరసించే ఉద్యమం దక్షిణదేశంలో బలపడింది. వేశ్య కనిపిస్తే ముఖం తిప్పుకోవడమే సచ్ఛీలమని భావించే సంస్కర్తలు తయారయ్యారు. అటువంటి నిజాయితీపరుడైన న్యాయవాది సౌజన్యారావు పంతులును, మధురవాణిని ఎదురెదురుగా నిలబెట్టి, వేశ్యావృత్తిని ద్వేషించేవాడు ఆ మనిషిని కూడా ద్వేషించాలా అన్న ప్రశ్నను గురజాడ ముందుకు తెచ్చారు. 1034 పెళ్లిళ్ల పట్టికలో లేని ప్రశ్న ఇది. బీజం ఒకటైనా చెట్టు తన దారిన పెరిగింది.

ఇదే వస్తువు మరొక రూపం కూడా ధరించింది. పూర్ణమ్మ అనే గేయకథలో పూజారి తన కూతురిని సొమ్ముకు ఆశపడి ముసలివాడికి ఇస్తాడు. ఇక్కడ కరటకశాస్త్రి లేడు, మధురవాణి లేదు, వేషం వేసే మహేశమూ లేడు. పూర్ణమ్మ అత్తవారింటికి వెళ్లే ముందు అందరి దగ్గర సెలవు తీసుకొని, దుర్గను కొలిచి, కోనేటిలో కలిసిపోతుంది. వెంకమ్మను నూతిలో నుంచి బయటకు తీసిన రచయితే పూర్ణమ్మను తీయలేదు. నాటకంలో హాస్యంతో ఆపిన పెళ్లి నిజజీవితంలో ఆగదని ఆయనకు తెలుసు. గేయంలో ఆ నిజానికి చోటిచ్చారు. రెండింటినీ వెంట వెంట చదివినవారికి గాని ఆ నాటకంలోని నవ్వు ఎంత బరువైనదో బోధపడదు.

1910 సంవత్సరం ఆయన రచనా జీవితంలో ఫలవంతమైనది. ఆ ఏడాది హేలీ తోకచుక్క ఆకాశంలో కనిపించింది. తోకచుక్క పొడిస్తే అరిష్టమని లోకం భయపడింది. గురజాడ ఆ భయాన్నే ముత్యాల సరాలు అనే రచనకు ఆధారం చేసుకున్నారు. దూరం నుంచి బంధువులా వచ్చిన ఆ చుక్కను చూసి భయపడనక్కరలేదన్న భావాన్ని, కులభేదాలు పాటించకుండా కలిసి భోజనం చేయడం వంటి ఆనాటి సంస్కరణలతో ముడిపెట్టి, భార్యాభర్తల సంభాషణలో ఇమిడ్చారు. ఆకాశంలోని వింతను ఊరంతా చూసింది. దానిని ఇంట్లో మాట్లాడుకునే మాటగా మార్చడం కవి పని అయింది. లవణరాజు కల విషయంలో ఆయన మళ్లీ ప్రఖ్యాతానికి వెళ్లారు. యోగవాసిష్ఠంలోని లవణరాజు వృత్తాంతాన్ని తీసుకొని కులభేదాన్ని ప్రశ్నించే గేయకథగా మలిచారు. పాతకథ పనికిరాదన్న మంకుపట్టు ఆయనకు లేదు. దానిలో నేటి మనిషిని కలవరపెట్టే అంశం ఉందా అన్నదే ఆయన చూసినది.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఆంధ్రభారతి పత్రికలో దిద్దుబాటు కథ వెలువడింది. చాలాకాలం దీనినే తెలుగులో తొలి ఆధునిక కథానికగా పరిగణించారు. 1902లోనే భండారు అచ్చమాంబ రచించిన కథలు వెలుగులోకి వచ్చిన తరువాత ఆ మాట అనడం కుదరదు. దిద్దుబాటు గొప్పతనానికి ఆ గౌరవంతో పనిలేదు కూడా. గోపాలరావు అనే చదువుకున్న యువకుడు సానిపాటలు వింటూ రాత్రి పొద్దుపోయి ఇంటికి వస్తాడు. భార్య కమలిని కనిపించదు. ఉత్తరం ఉంటుంది. పుట్టింటికి వెళ్లిపోయిందేమోనని భర్త తల్లడిల్లుతాడు. ఆమె ఆ గదిలోనే మంచం కింద దాగి ఉంటుంది. ఇంతే కథ. దీనికి ఏ పట్టికా ఆధారం కాదు. సభలలో వేశ్యానృత్యాన్ని ఖండిస్తూ, రాత్రిళ్లు దానిని చూడడానికి వెళ్లే చదువరుల ద్వంద్వనీతి అప్పటి పట్టణాలలో కళ్లెదుట ఉన్నదే. ఆ వ్యవహారాన్ని ఇంటి బయట నుంచి చూసినవారు అనేకులు ఉండగా, గురజాడ ఇంట్లో మేల్కొని ఉన్న భార్య వైపు నుంచి చూశారు. భర్త ఆలస్యంగా వచ్చి తలుపు తట్టడంతో కథను మొదలుపెట్టారు. అంతకుముందు ఎన్ని రాత్రులు ఆమె అలా ఎదురుచూసిందో చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు.

మెటిల్డా, మీ పేరేమిటి మొదలైన కథలు ఇతర దిక్కుల నుంచి వచ్చినవి. ముసలి భర్త కాపలాలో ఉన్న యువతిని మదరాసులో చదువుకునే విద్యార్థి చూడడం మెటిల్డాకు మూలం. ఇందులోనూ వయసు వ్యత్యాసమే కథకు కీలకం. చూసేవాడి కుతూహలం ఆ యువతికి ఎంత కీడు తెచ్చిపెట్టగలదో ఈ కథ చూపుతుంది. మీ పేరేమిటి కథలో శైవ వైష్ణవ కలహం వస్తువు. శిథిలాలను, శాసనాలను పరిశీలించిన పరిశోధకుడి జ్ఞానం ఇందులో కథకుడికి అక్కరకు వచ్చింది. సంస్కర్త హృదయం ఆయన ఆంగ్లంలో రాసిన కథ. అవసరాల సూర్యారావు దానిని తరువాతి కాలంలో తెలుగులోకి తెచ్చారు.

అన్ని బీజాలూ మొలకెత్తలేదు. కొండుభట్టీయం అనే సాంఘిక నాటకం అసంపూర్ణంగా మిగిలింది. కవి బిల్హణుడి ప్రణయగాథను తీసుకొని ప్రారంభించిన బిల్హణీయమూ పూర్తికాలేదు. ఒకటి ఉత్పాద్యం, మరొకటి ప్రఖ్యాతం. రెండింటికీ ఒకే గతి పట్టింది. సాహిత్యచరిత్రలు ఇటువంటి రచనలను ఒక్క వాక్యంతో దాటవేస్తాయి. కాని కథ మొదలుకావడం వేరు, అది రచయితను చివరివరకు నడిపించడం వేరన్న సంగతి తెలుసుకోవాలంటే ఇవి చదవాలి. కళింగ చరిత్ర కోసం ఆయన ఏళ్ల తరబడి కూర్చిన సామగ్రి కూడా గ్రంథరూపం దాల్చలేదు.

గురజాడ 1913లో ఉద్యోగ విరమణ చేశారు. పాఠ్యగ్రంథాలలో ఏ తెలుగు ఉండాలన్న వివాదం అప్పటికి తీవ్రమైంది. మదరాసు విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపు మొగ్గినప్పుడు, 1914లో ఆయన ఆంగ్లంలో సుదీర్ఘమైన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఓడిపోయే పక్షం తరఫున, క్షీణించిన ఆరోగ్యంతో, ప్రాచీన గ్రంథాల నుంచి కుప్పలుగా ఉదాహరణలు సేకరించి చేసిన పని అది. ఆ శ్రమను రెండు అసంపూర్ణ నాటకాలకు కేటాయించి ఉంటే బాగుండేదని అనిపించడం సహజం. వాడుకభాషకు పాఠశాలలో చోటు లేకపోతే కన్యాశుల్కాన్ని చదివే తరమే ఉండదని ఆయన భయపడి ఉండవచ్చు. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 53 సంవత్సరాలు.

బాల్యవివాహాలను అరికట్టే శాసనం ఆయన మరణించిన పద్నాలుగేళ్లకు, 1929లో వచ్చింది. శారదా చట్టంగా ప్రసిద్ధమైన ఆ శాసనం ఆడపిల్ల వివాహానికి కనీస వయసును 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. పద్నాలుగేళ్లన్నా ఆ పట్టికలోని పిల్లల వయసుతో పోలిస్తే ఎక్కువే. కన్యాశుల్కం ఆచారం క్రమంగా అంతరించి, దాని స్థానంలో వరకట్నం బలపడింది. డబ్బు ప్రవహించే దిక్కు మారింది గాని బేరం ఆగలేదు. ఆ కారణంగా కావచ్చు, శుల్కం అంటే ఏమిటో వివరించవలసి వచ్చే తరాలు కూడా ఆ నాటకాన్ని తమ ఇంటి కథగానే చూస్తూ వచ్చాయి.

రెండవ కూర్పు ప్రాచుర్యంలో తొలికూర్పు మరుగున పడిపోయింది. 1969లో పరిశోధకుడు బంగోరె దానిని వెలికితీసి మళ్లీ ముద్రించారు. అప్పటినుంచి రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకొని చదివే వీలు కలిగింది. ఏ సంభాషణ కొత్తగా చేరింది, ఏ రంగం పెరిగింది, మధురవాణి ఎక్కడ పక్కనుండి మధ్యకు వచ్చింది అన్నవి వరుసగా తెలుస్తాయి. రెండింటిలోనూ సుబ్బి పెళ్లి ఆగిపోతుంది.